తలుపు చుట్టూ పట్టీ ఉండాల్సిందే

హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటుకి ఇంటీరియర్ చేయిస్తున్నవాళ్లని కదిపితే చాలు, ఇదే కోరిక. పడకగది తలుపు గోడలో కలిసిపోవాలట. చౌకట్టు కనబడకూడదట, చుట్టూ బీడింగ్ ఉండకూడదట, గోడ రంగే తలుపుకీ పూసి అక్కడో గది ఉన్న సంగతే తెలియకుండా చేయాలట. ఎందుకయ్యా అంటే ‘క్లీన్ లుక్’ అంటారు. డబ్బు పోసి పగుళ్లు కొనుక్కోవడం అంటాను నేను.

ఆ బీడింగ్ సోకు కోసం పుట్టలేదు. వానాకాలపు తేమకి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలకి తగ్గుతుంది. ప్లాస్టరింగ్ ఆరుతూ ముడుచుకుంటుంది. ఈ రెండూ కలిసే చోట సందు పడి తీరుతుంది, ఎంతటి పనివాడైనా దాన్ని ఆపలేడు. రెండంగుళాల పట్టీ ఆ సందుని కప్పేసి, చెక్కని చెక్కలా, గోడని గోడలా కదలనిస్తుంది. వందల ఏళ్ల వడ్రంగం తేల్చుకున్న లెక్క అది.

పట్టీ తీసేయాలంటే ఏం చేయాలో తెలుసా? ప్లాస్టరింగ్‌కి ముందే అల్యూమినియం చట్రాన్ని గోడలో బిగించాలి. చట్రం మీది నుంచి ఇటుక మీదికి ఫైబర్ జాలీ పరిచి, ఆ పైన పూత పూయాలి. గోడ నిట్టనిలువుగా, నేల సమంగా ఉండాలి. తలుపు చుట్టూ సన్నని సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పులో రావాలి. మన ఫ్లాట్ల గోడలకి ఒకసారి గుండు వేసి చూడండి, ఎంత వంకరో తెలుస్తుంది. బీడింగ్ ఉంటే ఆ వంకరని వడ్రంగి సర్దేస్తాడు. లేకపోతే ప్రతి మిల్లీమీటరూ కంట్లో గుచ్చుకుంటుంది. బిల్డర్ చేసిన తప్పుకి చివరికి తిట్లు తినేది రంగులేసే కుర్రాడు. లప్పం పెడతాడు, గరుకు కాగితంతో రుద్దుతాడు, మళ్లీ పెడతాడు. తలుపు నాలుగుసార్లు దభాలున పడితే పై మూల నుంచి వెంట్రుకంత గీత ఏటవాలుగా పైకి పాకుతుంది. దాన్ని పూడిస్తే వచ్చే వేసవికి అక్కడే మళ్లీ తేలుతుంది.

వియన్నాలో తత్త్వవేత్త విట్‌గెన్‌స్టైన్ 1926-28 మధ్య తన అక్క కోసం అలంకారం మచ్చుకైనా లేని ఇల్లు కట్టించాడు. పని దాదాపు పూర్తయ్యాక ఒక హాలు పైకప్పుని 3 సెంటీమీటర్లు ఎత్తించాడు. ఆ నిరాడంబరత వెనక అంత పంతం ఉంది, దాన్ని భరించే ఐశ్వర్యం ఉంది. చదరపు అడుగు లెక్కన పని ఒప్పుకున్న కాంట్రాక్టరు దగ్గర ఈ రెండింటిలో ఏది ఉంది?

పట్టీ మీద దుమ్ము పడుతుందంటారు. పడనివ్వండి. ఎనామిల్ వేసిన పట్టీని తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము పోతుంది. పట్టీ లేని చోట పిల్లల చేతులు, నూనె వేళ్లు నేరుగా గోడకే తగులుతాయి. ఎమల్షన్‌ని పదిసార్లు రుద్దితే మరకతో పాటు రంగూ పోతుంది. చట్రం దెబ్బతింటే గోడ పగలగొట్టాలి. బీడింగ్ పాడైతే మేకులు ఊడదీసి కొత్తది కొట్టుకోవచ్చు. పైగా ఈ సమతలం అంతా ఒక వైపే. గది లోపలి నుంచి చూస్తే అదే తలుపు గుంటలో దిగబడి ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా మండించేది ఇంకొకటి. శుక్లాలు వచ్చిన తల్లికి అర్ధరాత్రి బాత్‌రూమ్ తలుపు ఎక్కడుందో చూపించేది ఆ పట్టీ రంగే. తెల్ల గోడలో తెల్ల తలుపు దాచేసి ఆవిడని తడుముకుంటూ తిరగమనడం ఏం అందం? పండగనాడు పూజగదికి మామిడాకులు కట్టాలంటే మేకు దిగడానికి చెక్క కూడా ఉండదు.

మీ డిజైనరు కంప్యూటర్‌లో బొమ్మ చూపిస్తే మురిసిపోకండి. తను వేయించిన తలుపుల్లో రెండు వేసవులు, రెండు వానాకాలాలు చూసినదాని దగ్గరికి తీసుకెళ్లమనండి. పై మూలల మీద చెయ్యి పెట్టి తడిమి చూడండి. తీసుకెళ్లకపోతే మారుమాట లేకుండా వడ్రంగిని పిలిచి బీడింగ్ కొట్టించుకోండి.