ముఫ్త్ వేరు, ఇజాజత్ వేరు

పిల్లల తాలీమ్ పేరుతో మన వాట్సాప్ గ్రూపుల్లోకి రోజూ వీడియోలు, పీడీఎఫ్‌లు వచ్చిపడుతున్నాయి. ఉరవకొండలో వానకు కరువు గానీ వీటికి కరువు లేదు. పంపే భాయీల నీయత్ మంచిదే. సాయంత్రాలు మొహల్లా పిల్లలకు సైన్సు చెప్పేవాడిగా నా రాయ్ మాత్రం ఇది: ముఫ్త్‌గా దొరికిందల్లా పాఠం కాదు. పిల్లల ముందు పెట్టేలోపు మూడు సంగతులు చూడాలి.

మొదటిది ఇజాజత్. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఉర్దూలో కూడా ముఫ్త్‌గా దించుకోవచ్చు. కానీ ఇజాజత్ లేకుండా మళ్లీ అచ్చేయకూడదని ఆ పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002లో వచ్చింది ఈ చిక్కు తీర్చడానికే. 'బీవై' అని ఉంటే రాసినవారి పేరు చెప్పి వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. పక్కన 'ఎన్‌డీ' చేరితే మార్చినది పంచకూడదు. తెలుగు వికీపీడియాది 'బీవై-ఎస్‌ఏ': మార్చుకోవచ్చు, మార్చినదాన్ని కూడా అదే షరతుతో పంచాలి. రాసినవాడి మెహనత్ అమానత్ లాంటిది. షరతు చదవకుండా వాడకూడదు.

మార్చుకోవడం ఎందుకంటారా? జలచక్రం వీడియోలో మంచుకొండలు, నిండుగా పారే నదులు ఉంటాయి. మన జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన తక్కువే. ఎండిన బోరు, వాడిన చెనిక్కాయ చేను, కాలువ నీటి కోసం ఎదురుచూపు, మన బిడ్డకు తెలిసిన జలచక్రం ఇది. ఇజాజత్ ఉంటే ఆ పాఠంలో మన చేను బొమ్మ పెట్టుకోవచ్చు.

రెండోది ఫోను. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్కటే, అది అబ్బాతోపాటు పనికి పోతుంది. అందుకే ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా నడిచే పాఠాలే మనకు ముఖ్యం. 2017 సెప్టెంబరులో మొదలైన ప్రభుత్వ దీక్షా యాప్‌లో అలా దించుకునే వీలుంది. కొలరాడో యూనివర్సిటీవాళ్ల ఫెట్ ప్రయోగాలు కూడా నెట్ లేకుండా నడుస్తాయి, తెలుగులోనూ ఉన్నాయి. ల్యాబు లేని చోట అవి పెద్ద నేమత్.

మూడోది జబాన్. 2020-21 నుంచి మన బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మన బిడ్డ ఇంట్లో మాట్లాడేది దక్కనీ. ఒకే సంగతికి ఫోటోసింథసిస్, కిరణజన్య సంయోగక్రియ, జియాయీ తాలీఫ్ అని మూడు పేర్లు. మూడూ బట్టీ పట్టి, ఆకు ఏం చేస్తుందో తెలియని పిల్లలు ఉన్నారు. కాబట్టి నా ఇమ్తిహాన్ ఒక్కటే: పాఠం చూసిన బిడ్డ దాన్ని దాదీకి ఇంటి మాటల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే, ఎంత పేరున్న సంస్థ చేసినా ఆ పాఠం మనకు సరిపోలేదన్నమాట.

ఈ పరఖ్ చేయడానికి పెద్ద ఉస్తాదులే అక్కర్లేదు. ఇంటర్, డిగ్రీ చదివిన బేటీలు మన ఇళ్లలోనే ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో పాఠం అప్పగించండి. ఆఖరిదాకా చూసి, లైసెన్సు ఏమిటి, ఏ తరగతికి పనికొస్తుంది, ఎక్కడ తప్పుంది, నాలుగు ముక్కలు రాసివ్వమనండి. వాళ్లు చూసి ఇచ్చిన పది పాఠాలు ఒక మెమరీ కార్డులో వేసి ఇల్లిల్లూ తిప్పుకుందాం. చూడకుండా ఫార్వర్డ్ కొట్టిన వంద వీడియోలకన్నా ఆ పదే మేలు.