సూదికి ముందు రక్త పరీక్ష

మా అక్కకు చిన్నప్పుడు గొంతునొప్పి ముదిరి కీళ్లవాత జ్వరమొచ్చింది. దాంతో గుండె కవాటం దెబ్బతింది. పోయినేడు పన్ను పీకించుకున్న కొన్నాళ్లకు, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలడం మొదలైంది. మా వీధి ఆర్‌ఎంపీ ఒకసారి టైఫాయిడ్ అన్నాడు, ఇంకోసారి వైరల్ అన్నాడు. యాంటీబయాటిక్ వేస్తే తగ్గేది, ఆపగానే తిరగబెట్టేది. నెలన్నర ఇదే తంతు.

చివరికి పెద్దాసుపత్రిలో ఓ డాక్టరమ్మ అక్క వేళ్లు పట్టుకుని చూసింది. గోళ్ల కింద పుల్ల గుచ్చుకున్నట్టు సన్నటి ఎర్రగీతలు! ఎకో తీస్తే కవాటం మీద క్రిముల గడ్డ కనిపించింది. నోట్లోని క్రిములే నెత్తుట్లో కలిసి అక్కడ గూడు కట్టి ఉంటాయన్నారు. బ్లడ్ కల్చర్‌లో మాత్రం ఏమీ మొలవలేదు. అన్ని మందులు వాడేశాక ఇంకేం మొలుస్తుంది? ఏ క్రిమో తేలక, అంచనా మీదే ఆరు వారాలు నరానికి మందులెక్కించారు. అక్క బతికింది, అదృష్టం.

ఆర్‌ఎంపీ ఒక్కణ్నే తిట్టి లాభం లేదు, ‘సూది వెయ్యండి’ అని అడిగింది మేమే. కవాటం చెడినవాళ్లు, మార్పించుకున్నవాళ్లు పళ్ల డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పండి. జ్వరం వదలకపోతే, యాంటీబయాటిక్ మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్‌కు రక్తమివ్వండి.