వినని జవాబుకు విలువెంత?

సి భాషలో ఫంక్షన్ చెప్పే జవాబును వదిలేస్తే కంపైలర్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను ఆపేయడం తేలిక, పాటించడమే కష్టం

కంప్యూటర్ ప్రోగ్రాముల్లో దుర్వార్త చాలా మర్యాదగా వస్తుంది. సి భాషలో అయితే మరీనూ. డిస్కులో చోటు లేక ఫైలు రాయడం కుదరకపోతే, ఆ పని అప్పగించిన ఫంక్షన్ మైనస్ 1 అనే అంకెను తిరిగిచ్చి తన దారిన తాను పోతుంది. ఆ అంకెను చూసుకోవాల్సిన బాధ్యత ఫంక్షన్‌ను పిలిచిన వాళ్లదే. చూడకపోతే ప్రోగ్రాం ఏమీ జరగనట్టు తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది. 'మీ ఫైలు భద్రపరిచాం' అని తెరపై సందేశం కూడా చూపించగలదు. నష్టం సంగతి ఆ ఫైలును మళ్లీ తెరిచిన రోజున గానీ తెలియదు.

1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన ఈ భాష మూలస్వభావం ప్రోగ్రామర్‌ను నమ్మడం. ఫంక్షన్ ఇచ్చిన విలువను వాడుకోవచ్చు, వదిలేయవచ్చు. వ్యాకరణం రీత్యా రెండూ ఒప్పే. అయితే నమ్మకం ఒక్కటే చాలదని అక్కడివారికే త్వరగా బోధపడింది. అదే సంస్థలో స్టీఫెన్ జాన్సన్ తయారుచేసిన 'లింట్' అనే తనిఖీ ప్రోగ్రాం, ఎవరూ పట్టించుకోని రిటర్న్ వ్యాల్యూలను వేలెత్తి చూపేది. కానీ లింట్‌ను విడిగా నడపాలి. తీరిక లేనివారు నడిపేవారు కాదు.

ఈ తనిఖీని కంపైలర్‌లోకే తెచ్చినవాటిలో ముఖ్యమైనది 2004లో వచ్చిన జిసిసి 3.4. 'దీని ఫలితాన్ని వదిలేస్తే హెచ్చరించు' అనే ముద్రను ఫంక్షన్‌పై వేసే వీలు అందులో ఉంది. 2008 అక్టోబరులో విడుదలైన ఉబుంటు 8.10 అదనపు భద్రతా తనిఖీలను అందరికీ వర్తింపజేయడంతో, ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా కంపైల్ అయిన ప్రోగ్రాములు ఒక్కసారిగా హెచ్చరికలు కురిపించడం మొదలెట్టాయి. మన ఇంజనీరింగ్ విద్యార్థులకూ ఈ అనుభవం కొత్త కాదు. కళాశాల ల్యాబులో టర్బో సి మీద ఒక్క మాటా అనిపించుకోని 'స్కాన్ఎఫ్' లైను, లైనక్స్‌కు మారగానే హెచ్చరిక తెస్తుంది. ఎన్ని విలువలు చదవగలిగిందో స్కాన్ఎఫ్ చెబుతుంది. పాఠ్యపుస్తకాల్లోని ఉదాహరణలు ఆ మాట వినడం చాలావరకు నేర్పలేదు.

ఇదంతా చాదస్తం అనిపిస్తే ఆండ్రాయిడ్ ఉదంతాన్ని గుర్తుచేసుకోవాలి. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపినప్పుడు పనిచేసే 'ఎడిబి' అనే ప్రోగ్రాం సర్వాధికారాలతో, అంటే 'రూట్' హోదాలో మొదలవుతుంది. తర్వాత 'సెట్‌యుఐడి' అనే ఫంక్షన్‌ను పిలిచి తన హోదాను తానే సామాన్య స్థాయికి తగ్గించుకుంటుంది. తగ్గిందో లేదో మాత్రం అది చూసుకునేది కాదు. అధికారం వదులుకోవడంలో ఎవరైనా విఫలమవుతారా అన్న ధీమా కావచ్చు. కానీ ఒక యూజర్ పేరిట నడిచే ప్రాసెస్‌ల సంఖ్యకు లైనక్స్‌లో పరిమితి ఉంటుంది. ఆ పరిమితి నిండేదాకా ప్రాసెస్‌లు పుట్టించి, ఎడిబిని ఆపి, మళ్లీ మొదలయ్యేలా చేస్తే సెట్‌యుఐడి విఫలమయ్యేది. విఫలమైనట్టు చెప్పేది కూడా. వినేవారే లేరు. ఎడిబి రూట్ హోదాలోనే కొనసాగేది.

2010లో 'రేజ్ అగెనెస్ట్ ద కేజ్' పేరుతో ఈ కిటుకు బయటికొచ్చింది. 2011 మార్చిలో వెలుగుచూసిన 'డ్రాయిడ్‌డ్రీమ్' అనే హానికర సాఫ్ట్‌వేర్ ఫోన్లపై పట్టు సాధించడానికి వాడుకున్న దారుల్లో ఇదీ ఒకటి. అది దాగిన యాప్‌లు 50కి పైనే. గూగుల్ వాటిని తన మార్కెట్ నుంచి తీసేయడమే కాక, జనం ఫోన్లలోంచి కూడా దూరం నుంచే తొలగించాల్సి వచ్చింది. ఇంత తతంగం వెనక ఉన్న లోపాల్లో ఒకటి రాయకుండా వదిలేసిన ఒక షరతు: హోదా తగ్గకపోతే అక్కడే ఆగిపోవాలి. లైనక్స్ మాన్యువల్ ఇప్పుడు సెట్‌యుఐడి ఫలితాన్ని చూడకపోవడాన్ని తీవ్రమైన భద్రతా తప్పిదంగా పేర్కొంటోంది.

జవాబు వింటే సరిపోతుందా? అర్థం చేసుకోకపోతే సరిపోదు. డిజిటల్ సంతకాలను సరిచూసే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోని ఒక ఫంక్షన్ మూడు రకాల జవాబులిస్తుంది. సంతకం సరైనదైతే 1, కాకపోతే 0, పరీక్షే కుదరకపోతే మైనస్ 1. సున్నా కానిదంతా 'అవును' కిందే లెక్క అన్నది సి భాష సంప్రదాయం. దాంతో కొన్నిచోట్ల మైనస్ 1 కూడా 'అవును'గా చెల్లిపోయింది. వక్రీకరించిన సంతకాన్ని అసలుదిగా అంగీకరించే ఈ లోపాన్ని 2009 జనవరిలో సరిదిద్దారు. ఇలాంటి తప్పును రిటర్న్ వ్యాల్యూ హెచ్చరిక పట్టుకోలేదు. జవాబు అందుకున్నారా లేదా అన్నదే దానికి తెలుసు. ఆ జవాబుతో ఏం చేశారో తెలియదు.

ఆ పరిమితి ఆధారంగానే ఎగవేత మార్గాలు పుట్టుకొచ్చాయి. 'కావాలనే వదిలేస్తున్నా' అని చెప్పడానికి ఫంక్షన్ ముందు 'వాయిడ్' అని రాయడం పాత అలవాటు. ఈ ముద్ర ఉన్న ఫంక్షన్ల విషయంలో జిసిసి దాన్ని ఒప్పుకోదు. దాంతో కొందరు లోపల ఏమీ లేని ఖాళీ 'ఇఫ్' షరతు రాశారు. మరికొందరు జవాబును ఓ ఉత్తుత్తి వేరియబుల్‌లో వేసి మరిచిపోయారు. 2011లో వచ్చిన జిసిసి 4.6, విలువ వేసి వాడని వేరియబుల్స్‌నూ ప్రశ్నించసాగింది. వెంటనే దానికీ విరుగుడు కనిపెట్టారు.

రాజనీతిశాస్త్రం చదివినవారికి ఈ దృశ్యం పరిచితమే. విచారణ కమిషన్ల చట్టం వచ్చింది 1952లో. కమిషన్ నివేదికను, దానిపై తీసుకున్న చర్యల పత్రాన్ని ఆరు నెలల్లోగా చట్టసభ ముందుంచాలన్న నిబంధన 1971 సవరణతో చేరింది. జవాబు విన్నట్టు రుజువు చూపమనడమే దాని సారాంశం. 'పరిశీలనలో ఉంది' అన్న రెండు ముక్కలతో ఆ పత్రం నింపేస్తే ఆ నిబంధనా చేసేదేమీ లేదు. ఖాళీ 'ఇఫ్' అన్నా అదే.

ప్రోగ్రామర్ల విసుగులో కొంత న్యాయం లేకపోలేదు. తెరపై అక్షరాలు చూపే 'ప్రింట్ఎఫ్' కూడా ఒక విలువ తిరిగిస్తుంది. ప్రతిసారీ దాన్ని పరీక్షిస్తూ కూర్చుంటే అసలు పని సాగదు. అడుగడుగునా హెచ్చరికలు వస్తే ముఖ్యమైనది కూడా వాటి మధ్య కనబడకుండా పోతుంది. అందుకే గ్నూ సి లైబ్రరీ ఈ ముద్రను ప్రింట్ఎఫ్‌కు వేయలేదు. రీడ్, రైట్, సెట్‌యుఐడి వంటివాటికి వేసింది. ఆ జాబితాలో ఉన్నదాన్ని వదిలేయక తప్పనప్పుడు, ఎందుకు వదిలేస్తున్నారో ఒక్క వాక్యం పక్కన రాసిపెడితే రేపు ఆ ప్రోగ్రామును చదివేవారికి ఉపకారం.

తర్వాతి తరం భాషలు ఈ పాఠాన్ని పుట్టుకతోనే తెచ్చుకున్నాయి. రస్ట్‌లో విఫలం కాగల ఫంక్షన్లు మామూలుగా తిరిగిచ్చే 'రిజల్ట్'ను వదిలేస్తే కంపైలర్ తనంతట తానే హెచ్చరిస్తుంది. సి++ 2017లో 'నోడిస్కార్డ్' అనే ముద్రను ప్రమాణంలోకి తెచ్చింది. సి భాష అధికారిక ప్రమాణంలోకి అది చేరింది 2024లో వెలువడిన కూర్పుతో. భాష పుట్టిన యాభై ఏళ్ల తర్వాత అన్నమాట. అప్పటికీ అది హెచ్చరికకు పిలుపే తప్ప నిషేధం కాదు. మైనస్ 1 వస్తే ఏం చేయాలన్న లైను మాత్రం ఎప్పటిలాగే ప్రోగ్రామరే రాసుకోవాలి.