అరకు కాఫీకి ధర వచ్చింది.. మరి తోటకు తిండి పెడుతున్నామా?

అరకు కాఫీకి ఇంత గుర్తింపు ఎప్పుడూ లేదు. 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలోనే అరకు కాఫీ స్టాళ్లు తెరిచారు. అంతకు నెల ముందు న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా ధర పౌనుకు 4 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. ధర పెరగడంతో అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో కొత్త మొక్కలు నాటాలన్న ఉత్సాహం కూడా పెరిగింది. ఇదంతా సంతోషించదగ్గ విషయమే.

అదే 2025లో, ఆగస్టు నెలలో, అరకు లోయ మండలంలో బెర్రీ బోరర్ అనే కాయతొలుచు పురుగు కనిపించింది. పురుగు పట్టిన తోటల్లో కాయలు దూసి నాశనం చేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి కాఫీ గురించి ఏ సమావేశం జరిగినా ధర, పురుగు, కొత్త మొక్కలు అనే ఈ మూడింటి చుట్టూనే మాటలు తిరుగుతున్నాయి. ఉన్న తోటలకు పోషకాలు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న ప్రశ్న మాత్రం చర్చకు రావడం లేదు. ఈ వ్యాసంలో ఆ సంగతే చూద్దాం.

సేంద్రియం అంటే ఏమీ వేయకపోవడం కాదు

మన కొండల్లో కాఫీకి యూరియా, డీఏపీ వేసే అలవాటు లేదు. అందుకే మన కాఫీకి సేంద్రియ గుర్తింపు తేలికగా వస్తోంది. అయితే చాలా తోటల్లో రసాయన ఎరువుతో పాటు సేంద్రియ ఎరువు కూడా పడటం లేదు. నాటిన మొదటి రెండు మూడేళ్లు గుంతలో కాస్త పశువుల ఎరువు వేసి, కాపు మొదలయ్యాక ఏటా పండ్లు కోసుకోవడమే జరుగుతోంది. దీన్ని సేంద్రియ సాగు అనలేం. నేలలో ఉన్నదాన్ని తీసుకుంటున్నామే తప్ప తిరిగి ఇవ్వడం లేదు.

లెక్క చూద్దాం. ఒక టన్ను క్లీన్ కాఫీ రావాలంటే దాదాపు 6 టన్నుల పండ్లు కోయాలి. ఆ పండ్లతో పాటు నేల నుంచి సుమారు 35–40 కిలోల నత్రజని, 7 కిలోల భాస్వరం, 45–50 కిలోల పొటాష్ బయటికి పోతాయి. ఒక ఎకరంలో 150 కిలోల క్లీన్ కాఫీ వచ్చిందనుకుందాం. అంటే 900 కిలోల పండ్లు. వాటితో ఏటా 5–6 కిలోల నత్రజని, కిలో భాస్వరం, 7 కిలోల పొటాష్ తోట దాటి పోతున్నట్టు.

చూడటానికి ఇది చిన్న లెక్కే. కానీ పదిహేనేళ్లు ఇలాగే సాగితే 100 కిలోల పొటాష్ పోయినట్టు. దీనికి తోడు మన నేలలు కొండవాలు మీద ఉన్న ఎర్ర నేలలు, చాలాచోట్ల ఆమ్ల గుణం ఉన్నవి. ఒకప్పుడు పోడు కొట్టిన చోట పైమట్టి ఇప్పటికే పలుచబడింది. పెద్ద వాన కురిసిన ప్రతిసారీ మిగిలిన పైమట్టి కూడా గెడ్డలో కలుస్తోంది. కొత్త రెమ్మ, కొత్త ఆకు పెరగడానికి చెట్టుకు కావాల్సింది దీనికి అదనం.

ఆకలితో ఉన్న తోట ఎలా కనిపిస్తుంది?

అరబికా ఒక ఏడాది విరగకాసి, మరుసటి ఏడాది కాపు తగ్గించడం సహజమే. తిండి చాలని తోటలో ఈ తేడా బాగా ఎక్కువవుతుంది. ఎక్కువ కాసిన కొమ్మలు ఆకు రాల్చి, కొస నుంచి వెనక్కి ఎండుతాయి. వచ్చే ఏడాది కాయాల్సిన చెక్క అదే. కాబట్టి నష్టం ఒక్క పంటతో ఆగదు. నీరసించిన మొక్క ఆకు తుప్పు తెగులు దెబ్బను తట్టుకుని త్వరగా కోలుకోలేదు కూడా.

ఆకులను చూసి కొంత గుర్తుపట్టవచ్చు. ముదురు ఆకులు మొత్తం పాలిపోతే నత్రజని లోపం. ముదురు ఆకుల అంచులు మాడినట్టు గోధుమ రంగులోకి మారితే పొటాష్ లోపం. ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం లోపం. చిగురాకులు సన్నగా, చిన్నగా వచ్చి కణుపులు దగ్గర దగ్గరగా ఉంటే జింక్ లోపం. నీడ లేక ఎండ దెబ్బ తగిలినా, వేరుకు తెగులు సోకినా ఆకు పసుపెక్కుతుంది. అందుకే ఒక్క ఆకును చూసి నిర్ణయానికి రాకండి. తోటంతా తిరిగి చూడండి.

తొక్క ఎటు పోతోంది?

పండు బరువులో సుమారు 40 శాతం తొక్కే. చెట్టు తీసుకున్న పొటాష్‌లో గణనీయమైన వాటా అందులోనే ఉంటుంది. రైతు ఇంటి దగ్గరే చేతి పల్పర్‌తో తొక్క తీసి, కడిగి, ఆరబెట్టి పార్చ్‌మెంట్‌గా అమ్మితే తొక్క ఊళ్లోనే మిగులుతుంది. పండ్లనే అమ్మేస్తే తొక్క కూడా పల్పింగ్ కేంద్రానికి వెళ్లిపోతుంది.

పండ్లు అమ్మడం తప్పని చెప్పడం లేదు. ఒకే చోట, ఒకే పద్ధతిలో పల్పింగ్ జరిగితే నాణ్యత బాగుంటుంది. నాణ్యతకు తగ్గ ధర కూడా వస్తుంది. రైతుకు కడగడం, ఆరబెట్టడం అనే శ్రమ తప్పుతుంది. కానీ పండుతో పాటు తోట ఎరువును కూడా అమ్ముతున్నామని గుర్తుంచుకోవాలి. 900 కిలోల పండ్లు అమ్మితే దాదాపు 360 కిలోల పచ్చి తొక్క మన ఎకరం దాటి పోయినట్టే.

పార్చ్‌మెంట్ చేసుకునే ఊళ్లలో మరో సమస్య ఉంది. తొక్కను పల్పర్ పక్కనే కుప్ప పోసి వదిలేస్తున్నారు, లేదా గెడ్డలోకి తోస్తున్నారు. గెడ్డ నీరు పాడవుతుంది, ఎరువూ దక్కదు. తొక్కను చెత్తగా చూడటం మానుకోవాలి.

కాబట్టి పండ్లు కొనే సంస్థలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఒక ఏర్పాటు చేయాలి. పల్పింగ్ కేంద్రం దగ్గరే తొక్కను కంపోస్టు చేసి, పండ్లు ఇచ్చిన లెక్కన రైతులకు తిరిగి పంపాలి. పండ్లు తెచ్చే వాహనాలు ఊళ్లకు ఖాళీగా వెళ్లే బదులు కంపోస్టుతో వెళ్లవచ్చు. బేరం కుదుర్చుకునేటప్పుడే సంఘం తరఫున ఈ మాట అడగండి.

తొక్క కంపోస్టు – బెర్రీ బోరర్ జాగ్రత్తలు

పచ్చి తొక్కను నేరుగా మొక్క మొదట్లో వేయకూడదు. దానికి పులుపు గుణం ఉంటుంది, కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది. తొక్కను ఎండుటాకులు, పశువుల పేడతో పొరలు పొరలుగా వేసి, తడి ఆరకుండా చూస్తూ, మూడు నాలుగు వారాలకోసారి తిరగవేయాలి. మూడు నాలుగు నెలల్లో నల్లగా, మట్టి వాసనతో తయారవుతుంది. జనవరిలో వేసిన కుప్ప మే, జూన్ నాటికి చేతికొస్తుంది.

పురుగు కనిపించిన ప్రాంతాల్లో మరింత జాగ్రత్త కావాలి. రంధ్రం పడిన కాయలు, నీళ్లలో తేలిన కాయలు, రాలిన కాయలు కంపోస్టు కుప్పలో వేయకండి. వాటిని మరిగే నీళ్లలో ముంచి లోతుగా పూడ్చండి. వేరే ఊరి తొక్కను పచ్చిగా తోటకు తేవద్దు. పూర్తిగా మాగిన కంపోస్టునే తీసుకోండి. కోత అయ్యాక చెట్టు మీద, నేల మీద ఒక్క కాయ కూడా మిగలకుండా ఏరండి. మిగిలిన కాయే వచ్చే ఏడాది పురుగుకు ఇల్లు.

ఎరువును కొండెక్కించడం కంటే కొండ మీదే పెంచుదాం

పశువుల ఎరువులో నత్రజని అర శాతం వరకే ఉంటుంది. 6 కిలోల నత్రజని తిరిగి ఇవ్వాలంటే 1,200 కిలోల ఎరువు కావాలి. అందులోనూ మొదటి ఏడాది మొక్కకు అందేది కొంతే. దాన్ని తట్టల్లో నెత్తిన పెట్టుకుని కొండెక్కించాలి, ఆ బరువు ఎక్కువగా మోసేది ఆడవాళ్లే. ఈ కష్టం లెక్కలోకి తీసుకోకుండా టన్నుల కొద్దీ ఎరువు వేయమని సలహా ఇచ్చి ప్రయోజనం లేదు.

మన తోటల్లో నీడకు సిల్వర్ ఓక్ ఎక్కువ. మిరియం పాకడానికీ, కలపకూ అది పనికొస్తుంది. కానీ దాని ఆకు నెమ్మదిగా కుళ్లుతుంది, గాలిలోని నత్రజనిని అది నేలలో నిలపదు. అందుకే తోట గట్ల వెంబడి, ఖాళీల్లో గ్లైరిసిడియా కొమ్మలు నాటండి. ఎండిన గ్లైరిసిడియా ఆకులో సుమారు 3 శాతం నత్రజని ఉంటుంది. ఏటా రెండుసార్లు కొమ్మలు నరికి కాఫీ పాదుల్లో పరిస్తే ఎరువు అక్కడికక్కడే అందుతుంది. కొత్త తోట వేసేవాళ్లు మొదటి నుంచే సిల్వర్ ఓక్‌తో పాటు పనస, ఇతర స్థానిక చెట్లు, నత్రజనిని నిలిపే జాతులు కలిపి నాటుకోవాలి.

పొయ్యిలో మిగిలే కట్టెల బూడిదలో పొటాష్ ఉంటుంది, అది నేల పులుపునూ తగ్గిస్తుంది. వానకు తడవకుండా దాచి, మొక్కకు రెండు మూడు గుప్పెళ్ల చొప్పున చల్లండి. బూడిదను గానీ సున్నాన్ని గానీ పశువుల ఎరువుతో కలిపి వేయకండి, నత్రజని ఆవిరైపోతుంది. రెండింటి మధ్య కనీసం నెల ఎడం ఉంచండి.

ఎప్పుడు, ఎలా వేయాలి?

ఫిబ్రవరి–మార్చి: కోత, ఏరివేత పూర్తయ్యాక ఎండు కొమ్మలు కత్తిరించండి. మట్టి నమూనా తీయించండి. ఉదజని సూచిక 6 నుంచి 6.5 మధ్య ఉంటే కాఫీకి అనుకూలం. అంతకు తగ్గితే పరీక్ష ఫలితం ప్రకారం వ్యవసాయ సున్నం లేదా డోలమైట్ వేయండి. మెగ్నీషియం లోపం ఉన్నచోట డోలమైట్ మేలు.

మే–జూన్: తొలకరి తడి అందాక మొక్కకు 5 కిలోల వరకు కంపోస్టు లేదా మాగిన పశువుల ఎరువు వేయండి. అంత లేకపోతే ఉన్నదాన్ని తోటంతా పలుచగా చల్లకుండా, ఏటా మూడో వంతు తోటకు చొప్పున పూర్తిగా వేయండి. భాస్వరం తక్కువైతే రాక్ ఫాస్ఫేట్ వాడవచ్చు. పుల్ల నేలల్లో అది బాగా పనిచేస్తుంది. మిరియం పాదుకు విడిగా 10 కిలోల కంపోస్టు ఇవ్వండి. కాఫీకి వేసిన దానిలోనే మిరియాన్ని సరిపెడితే రెండూ నీరసిస్తాయి.

సెప్టెంబరు–అక్టోబరు: వానల ఉధృతి తగ్గి, నేలలో తడి ఉండగా రెండో విడత ఎరువు, పచ్చి రొట్ట వేయండి. కాయలో గింజ గట్టిపడే దశలో పొటాష్ అవసరం ఎక్కువ.

డిసెంబరు–జనవరి: ఎరువులు వేయవద్దు. లంబసింగి, చింతపల్లి వైపు చలి ముదిరి నేల ఆరినప్పుడు వేరు సరిగ్గా తీసుకోలేదు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలిని తట్టుకునే వైన్ ద్రాక్ష పెంచే రైతులు కూడా సీజను చివర్లో నత్రజని వేయరు. లేత రెమ్మ ముదరక చలికి దెబ్బతింటుందని వాళ్ల జాగ్రత్త. ఎంత వేయాలన్నది ఆకు తొడిమల పరీక్ష చూసి నిర్ణయించుకుంటారు. ఆ పరీక్ష అలవాటు మన కాఫీకీ రావాలి.

వాలు మీద ఎరువును మొక్కకు ఎగువ వైపు అర్ధచంద్రాకారంలో వేసి ఆకులతో కప్పాలి. ఆహారం తీసుకునే సన్న వేళ్లు పైన అడుగు లోతులోనే ఉంటాయి, కాబట్టి లోతుగా తవ్వకండి. వాలుకు అడ్డంగా కందకాలు తీస్తే వేసిన ఎరువు వానకు కొట్టుకుపోదు.

ధర ఆశతో సంతలో యూరియా బస్తా కొని తెచ్చి చల్లే ఆలోచన మాత్రం వద్దు. సేంద్రియ ధ్రువీకరణ బృందానికి కలిపి ఇస్తారు. ఒక్క తోటలో తేడా వచ్చినా బృందం మొత్తానికి ఇబ్బంది.

ప్రభుత్వ పథకాలకూ ఒక సూచన. ఇప్పటివరకు ప్రగతిని ఎన్ని ఎకరాలు నాటామన్న లెక్కతో కొలుస్తున్నాం. కొత్త ఎకరానికి మొక్కలు ఇచ్చినట్టే పాత ఎకరానికి కంపోస్టు గుంత, గ్లైరిసిడియా కొమ్మలు, మట్టి పరీక్ష ఇవ్వగలిగితే అడవి మీద కొత్త ఒత్తిడి లేకుండానే దిగుబడి పెరుగుతుంది.

మట్టి, ఆకు నమూనాల సేకరణ, సున్నం మోతాదు గురించి గూడెంకొత్తవీధి మండలం ఆర్.వి.నగర్‌లోని కాఫీ బోర్డు ప్రాంతీయ పరిశోధన కేంద్రాన్ని గానీ, పాడేరు ఐటీడీఏ కాఫీ విభాగాన్ని గానీ సంప్రదించండి. ఈ కోతకు వెళ్లేముందే ఊరంతా కలిసి తొక్క కుప్పకు గెడ్డకు దూరంగా ఒక చోటు చూసి పెట్టుకోండి.