ట్రెక్‌కి కొత్త గాడ్జెట్ కొనకండి, ఉన్న ఫోన్‌నే రెడీ చేయండి

వీకెండ్ ట్రెక్ ప్లాన్ కాగానే మనలో చాలామంది చేసే మొదటి పని షాపింగ్. జీపీఎస్ వాచ్, రగ్డ్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్... విదేశీ యూట్యూబర్ల లిస్టు చూసి కార్ట్ నింపేస్తాం. నా మాట సూటిగా చెప్తా. ఉప్పల్, నాచారం వైపు నుంచి ఒకట్రెండు రోజుల ట్రిప్‌కి వెళ్లేవాళ్లకి వీటిలో ఏదీ అక్కర్లేదు. జేబులో ఉన్న ఫోన్ చాలు. కాకపోతే దాన్ని ముందురోజు రాత్రే ఇంట్లో సిద్ధం చేసుకోవాలి.

సిగ్నల్ వేరు, జీపీఎస్ వేరు

నెట్‌వర్క్ పోతే జీపీఎస్ కూడా పోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఫోన్ ఉపగ్రహాల సిగ్నల్‌ని నేరుగా అందుకుంటుంది. దానికి సిమ్, డేటా అవసరం లేదు. నెట్ లేనప్పుడు లోడ్ కానిది మ్యాప్ మాత్రమే. నీలం చుక్క ఉంటుంది, చుట్టూ ఖాళీ తెర!

అందుకే మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేయండి. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో నడక దారి చూపించదు, కాబట్టి ఆర్గానిక్ మ్యాప్స్ లేదా ఓస్మ్‌యాండ్ వేసుకోండి. కొండ ఎంత నిటారుగా ఉందో తెలియాలంటే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 స్కేలు మ్యాపులు చూడండి. అందులో 1 సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. గీతలు దగ్గరదగ్గరగా ఉన్నచోట ఎక్కుడు గట్టిగా ఉంటుందని అర్థం. ఆ సంస్థ శిక్షణ కేంద్రం ఉన్నది మన ఉప్పల్‌లోనే!

ఎండే అసలు విలన్

మనకి దగ్గర్లోని ట్రెక్ అంటే భువనగిరి కోట. వరంగల్ హైవే మీద సుమారు 40 కిలోమీటర్లు. అదంతా ఒకే బండ, నీడ దాదాపు ఉండదు. ఐఫోన్ వాడటానికి యాపిల్ చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. ఏప్రిల్‌లో మన ఎండ 40 దాటుతుంది. ఫోన్ వేడెక్కితే స్క్రీన్ మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. పొద్దున్నే ఎక్కేయండి. ఎండలో పెట్టి ఛార్జ్ చేయకండి.

పవర్‌బ్యాంక్ లెక్క కూడా చూసుకోండి. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నా వోల్టేజీ మార్పిడి నష్టాలు పోగా ఫోన్‌కి అందేది 6,000 చిల్లరే. అంటే 5,000 బ్యాటరీ ఫోన్‌కి ఒక ఫుల్ ఛార్జ్, ఇంకొంచెం మిగులు. ఒక్కరోజుకి ధారాళంగా సరిపోతుంది.

శాటిలైట్ మోజు వద్దు

గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి పరికరాన్ని అనుమతి లేకుండా మన దేశంలో వాడటం చట్టవిరుద్ధం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో విదేశీ పర్యాటకులపై దీని మీదే కేసులు పెట్టారు. అమెరికాలో ఉన్న అన్నయ్యతో తెప్పించుకుందాం అనుకుంటే ఆ ఆలోచన ఇక్కడే ఆపేయండి. ఐఫోన్ 14తో మొదలైన శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఫీచర్ కూడా ఇండియాలో లేదు.

మరి ఆపద వస్తే? మీ సిమ్‌కి సిగ్నల్ లేకున్నా వేరే కంపెనీ టవర్ అందితే 112కి కాల్ వెళ్తుంది. ఏ టవరూ అందనిచోట ఏ ఫోనూ కాపాడలేదు. నల్లమలలో మల్లెలతీర్థం లాంటి చోట్లకి వెళ్తే ఈ సంగతి గుర్తుండాలి. పైగా శ్రీశైలం రోడ్డులో అమ్రాబాద్ అడవి చెక్‌పోస్టులు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. లేటైతే అక్కడే ఇరుక్కుపోతారు.

కాబట్టి ఇంట్లో ఒకరికి మెసేజ్ పెట్టి బయల్దేరండి: ఎక్కడికి, ఏ దారిన, ఎవరితో, ఎన్నింటికి తిరిగొస్తారు, ఎన్ని గంటలు దాటితే వెతకడం మొదలుపెట్టాలి. దీని ఖర్చు సున్నా. నా లెక్కలో ఏ శాటిలైట్ గాడ్జెట్ కన్నా ఇదే ముందు.

2014 మే 25న, 14 ఏళ్లు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ తీసుకున్నది ఈ భువనగిరి బండ మీదే. కొండ ముందు నేర్చుకోవడమే అడుగుతుంది. ఈ వారం గాడ్జెట్ డబ్బు బస్సు టికెట్‌కీ, మంచి గ్రిప్ ఉన్న బూట్లకీ, మనిషికి మూడు లీటర్ల నీళ్లకీ పెట్టండి. మిగిలితే తర్వాత చూద్దాం.