పొక్కును దాచరాదు - రోగిని వెలివేయరాదు

ఆరోగ్యమే మహాభాగ్యమన్న పెద్దల మాటను వ్యాసరచన పోటీలలో మనం తరచుగా రాస్తూనే ఉంటాము. కాని ఆ భాగ్యాన్ని కాపాడుకొనడానికి ఎంత ధైర్యం కావాలో అంతగా ఆలోచించము. అంటువ్యాధి ఊరి పొలిమేరకు వచ్చినపుడు మందు కంటె ముందు కావలసినవి రెండు ధైర్యాలు. తన ఒంటి మీది పొక్కును వైద్యునికి చూపగలగడం ఒకటి. పొరుగువాని ఒంటి మీది పొక్కును చూచి అతనిని వెలివేయకుండా ఉండగలగడం రెండవది. ఎంపాక్స్ అనే వ్యాధి విషయంలో ఈ రెండూ మనలో కొరవడినవని నా అభిప్రాయం.

2022 జూలై 14న కేరళలోని కొల్లం జిల్లాలో మన దేశపు మొదటి ఎంపాక్స్ కేసు నిర్ధారణ అయినది. అదే నెల 23న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించినది. ఆ రోజులలోనే కువైట్ నుండి కామారెడ్డికి తిరిగి వచ్చిన ఒకరిని, ఖమ్మంలో పని చేస్తున్న ఒక వలస కార్మికుని అనుమానంతో హైదరాబాదు ఫీవర్ ఆసుపత్రికి తరలించారు. ఆ ఏడాది దేశంలో నిర్ధారణ అయిన కేసులన్నీ కేరళ, ఢిల్లీలకు చెందినవే. తెలంగాణలో ఒక్కటి కూడా లేదు. అంటే వ్యాధి మన ఊరికి రాలేదు గాని, 'కలకలం' మాత్రం వచ్చి వెళ్ళినది. రోగం లేని చోటనే ఇంత భయం పుట్టినపుడు, నిజంగా వచ్చిననాడు మన ప్రవర్తన ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

ఈ భయానికి సగం కారణం పేరు. 1958లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లోని ఒక ప్రయోగశాలలో, పరిశోధన కొరకు తెచ్చిన కోతులలో ఈ వైరస్ మొదట కనిపించినది. అందుచేత 'మంకీపాక్స్' అన్న పేరు స్థిరపడినది. మనిషిలో మొదటిసారి దీనిని గుర్తించినది 1970లో, కాంగో దేశంలోని ఒక పసిబిడ్డలో. ఈ వైరస్‌కు అసలు నెలవు కోతి కాదు. ఆఫ్రికా అడవులలోని ఎలుక, ఉడుత జాతి జంతువులని శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్నారు. అయినా 2022లో బ్రెజిల్ దేశంలో ప్రజలు కోతులపై విషప్రయోగాలు, దాడులు చేశారు. చివరకు ఆ ఏడాది నవంబరు 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరునే ఎంపాక్స్‌గా మార్చినది. మన పల్లెలలో కోతుల బెడద ఎంతటిదో అందరికీ తెలిసినదే. చేలను, ఇంటి కప్పులను పాడు చేసే కోతి మీద రైతుకు కోపం ఉండుట సహజం. కాని ఈ నేరం మాత్రం దానిది కాదు. కోతి కరిస్తే భయపడవలసినది రేబిస్‌కు. వెంటనే గాయాన్ని సబ్బుతో కడిగి, ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలె.

పొక్కుల జబ్బు మన పెద్దలకు కొత్త కాదు. తెలుగులో మశూచి అన్నా, ఉర్దూలో చేచక్ అన్నా, పల్లెలో అమ్మవారన్నా అదొక్కటే. మన దేశంలో చివరి మశూచి కేసు 1975 మే నెలలో నమోదైనది. 1980 మే 8న ప్రపంచం దాని నుండి విముక్తి పొందినట్లు ప్రకటన వెలువడినది. ఎంపాక్స్ ఆ మశూచికి దగ్గరి చుట్టమే గాని, దానికంటె చాలావరకు మెత్తనిది. మశూచి టీకా ఎంపాక్స్ నుండి కూడా కొంత రక్షణ ఇస్తుంది. అయితే మశూచి పోయిన తరువాత ఆ టీకా వేయడం మానివేశారు. మీ తాతగారి చేతిపై ఉన్న మచ్చ దానిది కావచ్చును. మీ భుజం పైనున్నది క్షయ నివారణకు వేసిన బి.సి.జి. మచ్చ. కనుక ఈ తరం విద్యార్థులకు ఆ పాత రక్షణ లేదు. ఎంపాక్స్‌కు ప్రత్యేకమైన టీకాలు ఉన్నవి గాని, అవి అందరికీ వేసేవి కావు. మనకు మిగిలిన రక్షణ తెలివిడి ఒక్కటే.

ఆ తెలివిడి ఏమిటి? వైరస్ సోకిన మూడు వారాలలోపు జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, నీరసం కనిపిస్తాయి. మెడలోను, చంకలలోను, గజ్జలలోను బిళ్ళలు కడతాయి. ముఖం, అరచేతులు, అరికాళ్ళు, నోరు, మర్మావయవాల వద్ద పొక్కులు లేచి, చీము పట్టి, ఎండి, పెచ్చులు కడతాయి. సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలలో తగ్గిపోతుంది. పసిపిల్లలకు, గర్భిణులకు, రోగనిరోధక శక్తి సన్నగిల్లిన వారికి మాత్రం ప్రమాదం ఎక్కువ. ఆటలమ్మలో సాధారణంగా బిళ్ళలు ఇంతగా కట్టవు. అయినా చూపుతో తేల్చగల విషయం కాదిది. పొక్కు నుండి తీసిన నమూనాను పరీక్షించి వైద్యులే చెప్పవలె. వెయ్యేండ్ల క్రిందటనే అల్ రాజీ అనే వైద్యుడు మశూచిని, తట్టును వేరుచేసి ఒక గ్రంథమే రాశాడు. ప్రతి పొక్కునూ ఒకే గాట కట్టడం అజ్ఞానమని ఆనాడే తెలిసినది.

ఇది గాలివాటుగా ఊరంతా పాకే జబ్బు కాదు. పొక్కులను తాకడం వలన, రోగి వాడిన దుప్పటి, తువ్వాలు పంచుకొనడం వలన, ఎక్కువసేపు ముఖాముఖి దగ్గరగా ఉండడం వలన, లైంగిక సంబంధం వలన అంటుతుంది. చివరి మాటను కళాశాల సంచికలో రాయడం కొందరికి రుచించకపోవచ్చును. కాని 2022లో ఎక్కువ దేశాలలో వ్యాధి పాకిన ప్రధాన మార్గం అదే. సిగ్గుపడి మనం చెప్పకపోతే, సిగ్గుపడి రోగి వైద్యునికి చెప్పడు. 2022 జూలై 30న త్రిస్సూర్ జిల్లాలో గల్ఫ్ నుండి వచ్చిన ఒక యువకుడు మరణించాడు. విదేశంలోనే అతనికి వ్యాధి నిర్ధారణ అయిన సంగతి ఆసుపత్రి వారికి చాలా ఆలస్యంగా తెలిసినది. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకొనరాదు.

మన ప్రాంతపు సంగతి మరికొంత ఆలోచించదగినది. మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ నుండి కూలీలు ఖమ్మం, భద్రాచలం చేలకు వచ్చి, ఒకే పాకలో, ఒకే దుప్పటి క్రింద రాత్రులు గడుపుతారు. సుక్మా, బీజాపూర్ అడవుల నుండి రోగులు భద్రాచలం ఆసుపత్రికి వస్తారు. గ్రానైట్ పనులకు ఉత్తరాది నుండి కార్మికులు వస్తారు. మన ఇండ్ల నుండి యువకులు గల్ఫ్‌కు పోతారు. వీరిలో ఎవరినీ అనుమానపు చూపు చూడమని నేను చెప్పుట లేదు. తెలుగులో అచ్చు వేసిన కరపత్రం వీరిలో చాలామందికి చేరదని మాత్రమే చెప్పుచున్నాను. గోడ మీద కాగితం అంటించి బాధ్యత తీరినదనుకొనుట న్యాయం కాదు.

ఇక్కడనే మన కళాశాల చేయగల పని ఉన్నది. ఉర్దూ మాట్లాడే మన విద్యార్థుల మాట బీహారు కార్మికునికి సులభంగా అర్థమవుతుంది. కోయ భాష తెలిసిన విద్యార్థులు ఉన్నచో వారి మాట ఏజెన్సీ గూడెంలో ఏ అధికారి మాట కంటెను ఎక్కువగా చెల్లుతుంది. ఆశా కార్యకర్తల వెంట ఇటువంటి విద్యార్థులు కొందరు వెళ్ళినచో, వంద కరపత్రాలు చేయలేని పని జరుగుతుంది.

కళాశాల కమిటీ పెద్దలకు మూడు మనవులు. ఒంటి మీద పొక్కులు కనిపించిన విద్యార్థిని పెట్టె సర్దించి బస్సెక్కించి ఇంటికి పంపడం వసతి గృహాలలో ఒక అలవాటు. అది జబ్బును వదిలించుకొనడం కాదు, జబ్బును ఇంకొక ఊరికి పంపడం. వేరే గది, వేరే పడక, వేరే తువ్వాలు ఇచ్చి, వైద్యుని పిలిపించవలె. రెండవది, పెచ్చులన్నీ రాలి కొత్త చర్మం వచ్చేవరకు రోగి విడిగా ఉండవలసిన మాట నిజమైతే, ఆ దినాల హాజరు లోటును మన్నించవలె. హాజరు పోతుందన్న భయమే పొక్కును చొక్కా క్రింద దాచిస్తుంది. మూడవది, ఏటా ఒకసారి వైద్యుని రప్పించి, విద్యార్థులకు, విద్యార్థినులకు వేరువేరుగా, అడగదలచిన ప్రశ్నలన్నీ అడిగే అవకాశం కల్పించవలె.

2024 ఆగస్టులో రెండవసారి ప్రకటించిన అత్యవసర పరిస్థితి 2025 సెప్టెంబరులో ముగిసినది. ప్రకటన ముగిసినది గాని వ్యాధి ముగియలేదు. ఈ నడుమనే, 2024 సెప్టెంబరులో, కేరళలోని మలప్పురం జిల్లాలో గల్ఫ్ నుండి వచ్చిన ఒకరిలో కొత్త రకపు వైరస్ బయటపడినది. ఇల్లు కాలుతున్నపుడు బావి త్రవ్వడం కంటె, కలకలం లేని ఈ రోజులలోనే తెలుసుకొనడం మేలు.

విద్యార్థినీ విద్యార్థులారా! వేపాకు కట్టిన ఇంటికి ఎవరూ పోరాదని మన పల్లెలలో ఒక కట్టుబాటు ఉన్నది. కాని ఆ ఇంటి వారికి గడప వద్ద అన్నం, నీళ్ళు పెట్టిపోవుట కూడా ఇరుగుపొరుగు ధర్మమే. మొదటి దానిని పాటించి రెండవ దానిని మరచినవాడు జాగ్రత్తపరుడు కాడు, నిర్దయుడు. రోగికి దూరంగా ఉండండి. రోగిని దూరం చేయకండి.