పారణ లేని ఉపవాసం

మన పెద్దలు ఉపవాసాన్ని ఏర్పరచినప్పుడే దానికి ముగింపును కూడా ఏర్పరచారు. ఏకాదశి నాడు ఎంత నిష్ఠగా పస్తున్నా సరే, ద్వాదశి ఘడియలు దాటకముందే పారణ చేసి తీరాలి. లేకపోతే వ్రతఫలం దక్కదంటారు. భాగవతం నవమ స్కంధంలో అంబరీషుడికి వచ్చిన చిక్కంతా ఇదే. నదీస్నానానికి వెళ్ళిన దుర్వాసుడు ఎంతకీ రాడు. అతిథిని విడిచి భోంచేయరాదు, పారణ వేళ మించిపోరాదు. చివరికి ఆ రాజు కాసిని నీళ్ళు పుచ్చుకొని వ్రతాన్ని ముగించాడు. మహర్షి కోపాన్నయినా నెత్తిన వేసుకున్నాడు గాని, ఉపవాసాన్ని ముగింపు లేకుండా వదిలిపెట్టలేదు. రంజాన్ నెలలో మన ముస్లిం మిత్రులు పొద్దంతా గుక్కెడు నీళ్ళు కూడా ముట్టరు. పొద్దుగూకిందో లేదో ఖర్జూరపు పండు నోట్లో వేసుకుంటారు. ఇఫ్తార్‌ను ఆలస్యం చేయొద్దని వాళ్ళ పెద్దలూ చెబుతారు.

ఈ ముచ్చట ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈనాడు మన హాస్టళ్ళలో, క్లాసుల్లో ఒక కొత్త ఉపవాసం నడుస్తున్నది. దానికి తిథి లేదు, దేవుడు లేడు, పారణ అసలే లేదు. దాని పేరు డైటింగు. నాలుగు కిలోలు తగ్గాలని మొదలుపెట్టిన అమ్మాయి నాలుగూ తగ్గాక ఇంకో నాలుగంటుంది. అన్నం మానేస్తుంది, తర్వాత రొట్టె, ఆ తర్వాత పండు కూడా తీపి కదా అని మానేస్తుంది. అబ్బాయిలేం తక్కువ తినలేదు సుమా! కండలు గీత గీసినట్టు కనబడాలని జిమ్ముకు పోయి, ఉప్పు మాని, నీళ్ళు తగ్గించి, పౌడరు డబ్బాల మీద బతికేవాళ్ళు మన క్లాసులోనే ఉన్నారు. ఎక్కడ ఆపాలో చెప్పేవాడు లేడు. నా అభిప్రాయంలో రోగమంతా ఇక్కడే ఉంది. తిండి తగ్గించడం నేర్పేవాళ్ళు వేలమంది ఉన్నారు, మళ్ళీ తినడం నేర్పేవాళ్ళు కనబడరు.

మాది ముప్కాల్. ఆర్మూరు నుండి నిర్మల్ వైపు జాతీయ రహదారి మీద పోతుంటే తగిలే ఊరు. పసుపు పండే నేల. వానకాలం మొదట్లో విత్తనం పెడితే, తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి, కాడి వేరు గోల వేరు చేసి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేర్చేసరికి దాదాపు ఏడాది తిరుగుతుంది. ఆ పనంతా జొన్నరొట్టె, మక్కగట్క తిన్న చేతులదే. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు కూడా వచ్చింది, సంతోషం. కాని మా ఊళ్ళ వింత చూడండి. తల్లి సద్ది కట్టుకొని పసుపు చేనుకు పోతుంది. అదే ఇంట్లో కాలేజి చదివే బిడ్డ అదే పసుపును వేడినీళ్ళలో కలిపి పరగడుపున తాగి, కొవ్వు కరుగుతుందని మధ్యాహ్నం దాకా పస్తుంటుంది. ఫోనులో ఎవరో చెప్పారట. పసుపు మంచిదే, కూరలో వేసుకోవలసిందే. అందులో ఉండే కుర్కుమిన్ నూటికి కొన్ని పాళ్ళే, అది కూడా ఒంటికి పట్టేది బహుకొద్ది. పసుపు అన్నానికి తోడు గాని, అన్నానికి బదులు కాదు.

ఈ గాలి నిన్నా మొన్నా వీచింది కాదు. 2015 నవంబరులో అనుష్క నటించిన ‘సైజ్ జీరో’ సినిమా వచ్చింది. త్వరగా సన్నబరుస్తామనే క్లినిక్కుల మోసమే దాని కథ. ఆ పాత్ర కోసం ఆమె నిజంగానే బరువు పెరిగింది. హాల్లో చప్పట్లు కొట్టాం, బయటికి వచ్చి మళ్ళీ అద్దం ముందు నిలబడ్డాం. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఊరూరా పాకింది. అన్నం పక్కన పెట్టి కొన్నాళ్ళపాటు కొవ్వు పదార్థాలు, నిమ్మరసం, లీటర్ల కొద్దీ నీళ్ళు, విటమిన్ మాత్రలు. షుగరు అదుపులోకి వచ్చిందని చెప్పినవాళ్ళు ఉన్నారు, ఇది అందరికీ పనికిరాదని హెచ్చరించిన డాక్టర్లూ ఉన్నారు. ఆ వాదంలో తీర్పు చెప్పడం నా పని కాదు. నేనడిగేది ఒక్కటే. షుగరు జబ్బున్న యాభై ఏళ్ళ పెద్దమనిషి డాక్టరు పర్యవేక్షణలో చేసే పథ్యం వేరు. ఏ జబ్బూ లేని పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఒంట్లో రక్తమే చాలని పిల్ల, తనంతట తాను వేసుకునే శిక్ష వేరు. ఈ రెండింటినీ ఒక్క గాటన ఎలా కడతాం? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. పస్తు ఉండవలసిన జనాభా కాదిది.

పస్తు మనసును ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే 1944కు పోవాలి. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో ఆయుధం పట్టమని నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు. 24 వారాల పాటు వాళ్ళకు రోజుకు సుమారు 1,600 కేలరీల తిండి మాత్రమే పెట్టారు. ఈనాడు మన స్నేహితురాళ్ళు 1,200 అని గర్వంగా చెప్పుకుంటున్నారు, గమనించండి. ఆ యువకుల బరువు నాలుగో వంతు దాకా పడిపోయింది. గుండె కొట్టుకునే వేగం తగ్గింది, ఎప్పుడూ చలి, ఊరికే కోపం. చదువు మీద, స్నేహాల మీద ఆసక్తి పోయింది. పొద్దస్తమానం వంటల పుస్తకాలు చదువుతూ, గిన్నెలో ఉన్న పిడికెడు తిండిని గంటల తరబడి కెలుకుతూ కూర్చునేవారు. ప్రయోగం ముగిసి తిండి పెట్టాక, కడుపు నిండినా ఆకలి తీరక విపరీతంగా తిన్నవాళ్ళున్నారు. ఈ ఫలితాలు 1950లో రెండు పెద్ద సంపుటాలుగా అచ్చయ్యాయి. అంటే ఏమన్నమాట? తిండి పిచ్చి పస్తుకు కారణం కాదు, పస్తే తిండి పిచ్చిని పుట్టిస్తుంది.

ఈ మాటకు సాక్ష్యం నేను కళ్ళారా చూశాను. మా పక్క గది అమ్మాయి, పేరు రాయను, ఏడాది పాటు ఇలాగే ఎండిపోయింది. జుట్టు ఊడింది, నెలసరి ఆగిపోయింది, ఎండాకాలంలో కూడా స్వెట్టరు. రాత్రిళ్ళు తినకుండా పడుకొని ఫోనులో బిర్యానీ వండే వీడియోలు చూసేది. ఇంటికి పోతే తల్లి, “ఏందే బిడ్డా, గింతనేనా? పిట్ట తిన్నట్టు తింటున్నవ్” అని ఏడ్చేది. ఏడాది కిందట “గింత లావైతే ఎవడు జేసుకుంటడు?” అన్నది కూడా ఆ ఇంటి చుట్టాలే! ఒక రాత్రి రెండు బిస్కెట్ ప్యాకెట్లు ఒక్క ఊపున తిని, తనకు కట్టడి లేదని తెల్లవార్లూ కుమిలిపోయింది. డాక్టరమ్మ మాత్రం, “నీ శరీరం బాకీ వసూలు చేసుకుంటున్నది, అంతే” అన్నదట. ఆ ఒక్క మాట ఆ పిల్లను నిలబెట్టిందని నేననుకుంటాను.

ఆమె వైద్యం విని ఆశ్చర్యపోయాను. ఆకలి ఉన్నా లేకున్నా గడియారం చూసి మూడుపూటలు తినాలి, మధ్యలో రెండుసార్లు ఏదైనా కొద్దిగా. బరువు మిషను గదిలో ఉండకూడదు. మాన్పించిన పదార్థాలు ఒక్కొక్కటే మళ్ళీ పళ్ళెంలోకి రావాలి. వారానికొకసారి మనసు విప్పి మాట్లాడాలి. అన్నీ ఒక్కరోజున కాదు, నెమ్మదిగా. బాగా చిక్కిపోయినవాళ్ళకు హఠాత్తుగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో భాస్వరం, పొటాషియం వంటి లవణాలు పడిపోయి గుండెకే ముప్పు వస్తుంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు ఖైదీల విషయంలో ఇది బయటపడింది. మన ఇళ్ళలో లంఖణం తర్వాత మొదట జావ పోసేది కూడా ఇలాంటి జాగ్రత్తతోనే కదా! ఆమెకు నెలసరి తిరిగి రావడానికే ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు అంకాపూర్ నాటుకోడి కూర తింటుంది, మర్నాడు దానికి ప్రాయశ్చిత్తంగా పస్తుండదు. మామూలుగా లేచి మామూలుగా రొట్టె తింటుంది. సమతులమైన తిండి అంటే నాకు తెలిసిన అర్థం ఇదే. పండుగ నాడు పండుగలా తిని, మర్నాడు మర్నాడులా తినగలగడం.

ఇది సోకు కాదు, జబ్బు. 1873లోనే లండన్ వైద్యుడు విలియం గల్ దీనిలో ఒక రకానికి ‘అనోరెక్సియా నెర్వోసా’ అని పేరు పెట్టాడు. జబ్బును మందలించి బాగుచేయలేం. “కొవ్వెక్కి తినడం లేదు” అనే లెక్చరరు గారూ, “నువ్వు అదృష్టవంతురాలివే, ఎంత సన్నబడ్డావో!” అని మెచ్చుకునే స్నేహితురాలూ ఒకే గోతిని ఇరువైపుల నుండీ తవ్వుతున్నారు.

అలాగని పళ్ళెం నిండా తెల్లన్నం గుట్ట పోసుకొమ్మని నేననడం లేదు. మన హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన శాలగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 2024లో అది ప్రకటించిన సూచనల ప్రకారం 2,000 కేలరీల పళ్ళెంలో రోజుకు ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పప్పు లేదా గుడ్డు, మాంసం వంటివి 85, పండ్లు 100, పల్లీ నువ్వుల వంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు పెరుగు 300 మిల్లీలీటర్లు. చూడండి, అందులో నిషేధం అన్న మాటే లేదు. జొన్నరొట్టె, పప్పు, గోంగూర, పెరుగు, చారెడు పల్లీలు. మా ముప్కాల్ వంటింట్లో లేనిది ఇందులో ఏముంది?

సిద్ధార్థుడు కూడా ఎముకల గూడయ్యేదాకా పస్తుండి చూశాడు. అది దారి కాదని తెలిశాక సుజాత ఇచ్చిన పాయసం తిన్నాడు. వెంట ఉన్న అయిదుగురు ఛీకొట్టి వెళ్ళిపోయారు. అయినా బోధి చెట్టు కింద జ్ఞానం దొరికింది పస్తున్న శరీరానికి కాదు, తిన్న శరీరానికే. మధ్యేమార్గమన్న మాటకు తొలి మెట్టు ఆ పాయసం గిన్నె అని నా నమ్మకం.

కనుక విద్యార్థి సంఘం మిత్రులకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. పలకరింపుగా ఎదుటివాళ్ళ లావు సన్నాలు ఎత్తడం మనమే మానేద్దాం. ఏటేటా జరిపే ఆరోగ్య శిబిరంలో బరువుతో ఊరుకోకుండా రక్తపరీక్ష కూడా పెట్టించండి. మెస్సులో వారానికి రెండు రోజులైనా జొన్నరొట్టె, రోజూ ఒక ఆకుకూర అడుగుదాం. 2022 అక్టోబరులో మొదలైన ‘టెలి మానస్’ నంబరు 14416ను ప్రతి హాస్టల్ గోడ మీదా పెద్ద అక్షరాలతో రాయించండి. ఎవరైనా వరుసగా పూటలు ఎగ్గొడుతుంటే వెక్కిరించకుండా, ఉపన్యాసం ఇవ్వకుండా, పక్కన కూర్చుని మన పళ్ళెం మనం తిందాం. ఒక్కరే పట్టిన పస్తుకు పంక్తిలో కూర్చుంటేనే పారణ అవుతుంది.